ఇరువురు తెలుగువారు, ఒక్క పీఠము: 1969 నాటి రాష్ట్రపతి యెన్నిక

రాజ్యాధికారము ఒక చేతినుండి మరియొక చేతికి మారెడి ఘడియ ఏ దేశమునకైనను పరీక్షాసమయమే. మహాభారతకథ యంతయు ఒక్క ప్రశ్నచుట్టును తిరుగుచున్నది. కురురాజ్యము జ్యేష్ఠుడైనను అంధుడగు ధృతరాష్ట్రుని సంతతికి చెందవలెనా, రాజ్యమేలిన పాండురాజు సంతతికి చెందవలెనా? జూదసభలో ద్రౌపది వేసిన ప్రశ్నయు అట్టిదే. తానే ఓడిపోయిన ధర్మరాజునకు భార్యను పణముగా నొడ్డు అధికారము కలదా యని ఆమె అడిగెను. భీష్ముడు ధర్మము సూక్ష్మమైనదనెను గాని తేల్చి చెప్పలేకపోయెను. వికర్ణుడొక్కడు నోరు విప్పెను. అతని మాట చెల్లలేదు. ప్రశ్న న్యాయమైనదే, సభ నిండియే యున్నది. కాని తీర్పు చెప్పు అధికారము ఎవరిదో తెలుపు నియమము ఆ సభలో లేకపోయెను. తుదకు పదునెనిమిది అక్షౌహిణుల సేన కురుక్షేత్రమున నేలకొరిగెను.

ప్రజాప్రభుత్వమునందు కత్తికి బదులు ఓటు వచ్చినది. అయినను ఓటు వేసినంతమాత్రమున వివాదము తీరదు. ఓట్లను ఎవరు లెక్కింపవలెను, ఏ కొలతతో లెక్కింపవలెను, ఆ లెక్కపై సందేహము కలిగినచో ఎవరు తీర్పు చెప్పవలెను అను మూడు సంగతులు ముందుగానే తేలియుండవలెను. గెలుపోటముల నడుమ అంతరము కొండంత యున్నప్పుడు ఈ సంగతులను ఎవరును తలపరు. అంతరము వెంట్రుకవాసి యైనప్పుడే వాని విలువ తెలియును.

స్వతంత్ర భారతదేశమున రాష్ట్రపతి పదవికి అట్టి వెంట్రుకవాసి పోటీ ఒక్కమారే జరిగెను. అది 1969 సంవత్సరము. ఆ పోటీలో ప్రధానాభ్యర్థు లిరువురును తెలుగువారే: ఒకరు వరాహగిరి వేంకటగిరి, రెండవవారు నీలం సంజీవరెడ్డి. ఆ యెన్నిక ఎట్లు జరిగెనో, అంత స్వల్పమైన ఆధిక్యముతో తేలినను దేశము ఎట్లు నిలుకడగా నుండెనో తెలిసికొనుటకు ముందు, దానికి తొంబదిమూడేండ్లకు పూర్వము అమెరికాలో జరిగిన యొక యెన్నికను స్మరించుట మంచిది. నియమము లేనిచోట ఏమగునో ఆ కథ తెలుపును.

అమెరికాలో 1876

1876 నవంబరు 7న అమెరికా సంయుక్త రాష్ట్రములలో అధ్యక్షుని యెన్నిక జరిగెను. రిపబ్లికన్ పక్షమున ఒహైయో రాష్ట్ర గవర్నరు రూథర్‌ఫర్డ్ హేస్, డెమొక్రాటిక్ పక్షమున న్యూయార్కు గవర్నరు శామ్యూల్ టిల్డెన్ నిలిచిరి. ప్రజలు వేసిన ఓట్లలో టిల్డెనునకు సుమారు రెండున్నర లక్షల ఆధిక్యము లభించెను. కాని ఆ దేశమున అధ్యక్షుని ప్రజలు నేరుగా ఎన్నుకొనరు. ప్రతి రాష్ట్రమునుండి ఇంతమంది యని ఎన్నికైన ప్రతినిధులు ఎన్నుకొందురు. నాడు అట్టి ప్రతినిధులు మొత్తము 369 మంది. గెలుపునకు 185 కావలెను. టిల్డెనునకు నిర్వివాదముగా 184 వచ్చినవి, హేసునకు 165. మిగిలిన ఇరువది వివాదగ్రస్తములు: లూసియానాలో 8, దక్షిణ కరోలినాలో 7, ఫ్లారిడాలో 4, ఆరిగానులో 1.

ఫ్లారిడా, లూసియానా, దక్షిణ కరోలినా రాష్ట్రములనుండి రాజధానికి పరస్పర విరుద్ధములైన పత్రములు చేరెను. ఒక పత్రము హేసు గెలిచెనని చెప్పినది. వేరొక పత్రము టిల్డెను గెలిచెనని చెప్పినది. వానిలో దేనిని గ్రహింపవలెను? ఆ దేశపు రాజ్యాంగము ఉభయసభల సమక్షమున సెనేటు అధ్యక్షుడు పత్రములను విప్పవలెననియు, పిమ్మట ఓట్లు లెక్కింపబడవలెననియు మాత్రమే చెప్పినది. ఎవరు లెక్కింపవలెనో, రెండు పత్రములు వచ్చినచో ఏది చెల్లునో చెప్పలేదు. సెనేటు రిపబ్లికన్ల చేతిలోను, ప్రతినిధుల సభ డెమొక్రాట్ల చేతిలోను ఉండుటచే ఎవరి వ్యాఖ్యానము వారిదయ్యెను. అంతర్యుద్ధము ముగిసి పండ్రెండేండ్లైనను నిండని దేశము మరల కలహము అంచున నిలిచెను.

తుదకు 1877 జనవరి 29న ఒక చట్టము చేసి పదునైదుగురితో సంఘమును నియమించిరి. సెనేటునుండి ఐదుగురు, ప్రతినిధుల సభనుండి ఐదుగురు, సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఐదుగురు. ఇరుపక్షములకును ఏడుగురేసి యుండగా, పదునైదవవాడు ఏ పక్షమునకును చెందని న్యాయమూర్తి డేవిడ్ డేవిస్ అగునని తలచిరి. ఇంతలో ఇల్లినాయ్ శాసనసభ ఆయనను సెనేటునకు ఎన్నుకొనుటచే ఆయన తప్పుకొనెను. ఆయన స్థానమున రిపబ్లికన్ పక్షపు న్యాయమూర్తి జోసెఫ్ బ్రాడ్లీ వచ్చెను. ఇక ప్రతి వివాదమును ఎనమండుగురు ఒకవైపు, ఏడుగురు మరియొకవైపుగా తేలెను. ఇరువది ఓట్లును హేసునకే పోయెను. 185 కు 184. ఒక్క ఓటు తేడా. 1877 మార్చి 2న ఫలితము ప్రకటించునాటికి పదవీకాలము ఆరంభమగుటకు రెండు దినములే మిగిలియుండెను.

యుద్ధము తప్పినది. కాని దాని వెల ఎవరు చెల్లించిరో గమనింపవలెను. డెమొక్రాట్ల సమ్మతికై జరిగిన రాజీలో భాగముగా, దక్షిణ రాష్ట్రములలో నల్లజాతివారి హక్కులకు అండగానున్న కేంద్ర సైన్యము 1877లో తన కాపును విరమించెను. అటుపిమ్మట అచటి నల్లజాతివారి ఓటుహక్కును క్రమక్రమముగా హరించిరి. 1965లో ఓటుహక్కుల చట్టము వచ్చువరకును వారికి ఆ హక్కు సంపూర్ణముగా దక్కలేదు. ఇరుపక్షముల పెద్దలు కూర్చుండి లెక్క సరిచేసికొనిరి; ఆ సభలో చోటులేనివారు దాని బాకీని దాదాపు తొంబది యేండ్లు తీర్చిరి. వివాదగ్రస్తములైన ఓట్లను ఎట్లు లెక్కింపవలెనో తెలుపు చట్టము 1887లో, అనగా అవసరము గడచిన పదేండ్లకు వచ్చెను.

మన రాజ్యాంగము చెప్పిన లెక్క

భారత రాజ్యాంగ నిర్మాతలు ఈ విషయమున ఎక్కువ జాగరూకత వహించిరి. రాష్ట్రపతిని ఎన్నుకొను అధికారమును 54వ అధికరణము పార్లమెంటు ఉభయసభలలోని ఎన్నికైన సభ్యులకును, రాష్ట్రముల శాసనసభలలోని ఎన్నికైన సభ్యులకును ఇచ్చినది. 55వ అధికరణము లెక్కింపు విధానమును నిర్ణయించినది. వివాదము కలిగినచో విచారించి తీర్పు చెప్పువారు సుప్రీంకోర్టు న్యాయమూర్తులని 71వ అధికరణము శాసించినది. కావున ఎవరు, ఎట్లు, తీర్పెవరిది అను మూడు ప్రశ్నలకును సమాధానములు తొలి యెన్నిక జరుగుటకు ముందే వ్రాయబడియుండెను.

ఆ లెక్క పల్లెలో పహాణీ చూచువారికి సులభముగా బోధపడును. ఒక రాష్ట్రపు జనాభాను ఆ రాష్ట్ర శాసనసభలోని ఎన్నికైన సభ్యుల సంఖ్యతో భాగింపవలెను. వచ్చిన దానిని మరల వేయితో భాగింపవలెను. అదియే ఆ రాష్ట్రమున ఒక్కొక్క శాసనసభ్యుని ఓటు విలువ. 1961 జనాభా లెక్కలను బట్టి ఆంధ్రప్రదేశ్ జనాభా 3,59,83,447. నాటి శాసనసభలో స్థానములు 287. భాగింపగా 1,25,377, దానిని వేయితో భాగింపగా 125. కావున 1969లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ్యుడొక్కొక్కని ఓటు 125 ఓట్లతో సమానము. ఇట్లే అన్ని రాష్ట్రముల శాసనసభ్యుల ఓట్ల విలువలను కూడి, ఆ మొత్తమును పార్లమెంటునకు ఎన్నికైన సభ్యుల సంఖ్యతో భాగింపగా పార్లమెంటు సభ్యుని ఓటు విలువ వచ్చును. 1969లో అది 576.

మరియొక విశేషము కలదు. ఓటరు ఒక్క పేరునకే గుర్తు పెట్టి ఊరకుండడు. తనకు మొదట ఎవరు కావలెనో, వారు కానిచో రెండవవారెవరో, మూడవవారెవరో వరుసగా అంకెలు వేయవచ్చును. చెల్లిన ఓట్ల విలువలో సగమునకు మించి ఎవరికి వచ్చునో వారే గెలుతురు. ఎవరికిని రానిచో, అట్టడుగున నున్నవారిని తొలగించి, వారి ఓట్లను రెండవ అంకె ననుసరించి ఇతరులకు పంచుచు పోవుదురు. పొలమును కొలుచు గొలుసు ఒక్కటే యైనప్పుడు, దాని పొడవు ఇరువురికిని ముందే తెలిసినప్పుడు, గట్టు తగవు ఎంత తీవ్రమైనను ఒకచోట ఆగును. ఈ నియమము అట్టి గొలుసు.

ఇరువురు నాయకులు

వరాహగిరి వేంకటగిరి 1894 ఆగస్టు 10న బరంపురములో జన్మించెను. ఆ పట్టణము నాడు మద్రాసు రాష్ట్రమునందలి గంజాం జిల్లాలో నుండెను. నేడు ఒడిశాలో నున్నది. ఐర్లండులోని డబ్లిన్ నగరమున న్యాయశాస్త్రము చదివి వచ్చి, రైల్వే కార్మికుల సంఘములను కట్టి, జీవితమంతయు కార్మికపక్షమున నిలిచెను. 1937లో రాజాజీ మంత్రివర్గమున మద్రాసు రాష్ట్ర కార్మికమంత్రి. 1952లో పాతపట్నమునుండి లోక్‌సభకు ఎన్నికై కేంద్ర కార్మికమంత్రి. బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వము మార్చెనని 1954లో మంత్రిపదవిని వదలుకొనెను. ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రములకు గవర్నరుగా నుండి, 1967లో ఉపరాష్ట్రపతి యయ్యెను.

నీలం సంజీవరెడ్డి 1913 మే 19న అనంతపురము జిల్లా ఇల్లూరులో రైతుకుటుంబమున జన్మించెను. చదువు మాని స్వాతంత్ర్యోద్యమమున చేరి కారాగారవాసము చేసెను. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు ప్రథమ ముఖ్యమంత్రి యయ్యెను. కాంగ్రెసు అధ్యక్షుడుగా పనిచేసి, 1962లో మరల ముఖ్యమంత్రి యయ్యెను. బస్సు మార్గముల జాతీయీకరణ వ్యాజ్యములో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యలను గౌరవించి 1964లో తానుగా ఆ పదవిని వదలెను. 1967లో హిందూపురమునుండి లోక్‌సభకు ఎన్నికై స్పీకరు కాగానే పార్టీ సభ్యత్వమును కూడ విడిచెను. అవసరమైనప్పుడు పదవిని వదలుట ఇరువురికిని తెలిసిన విద్యయే.

ఎన్నికకు దారితీసిన కలహము

1969 మే 3న రాష్ట్రపతి డాక్టరు జాకీర్ హుస్సేన్ పదవిలో నుండగనే కాలధర్మము నొందిరి. అట్లు జరుగుట అదియే మొదటిసారి. ఉపరాష్ట్రపతి యగు గిరి రాష్ట్రపతి విధులను చేపట్టెను. ఉపరాష్ట్రపతియు లేకున్నచో ఆ విధులను ఎవరు నెరవేర్పవలెను? ఈ ప్రశ్నకు అంతవరకు సమాధానము లేదు. పార్లమెంటు ఆలసింపక మే 28న చట్టము చేసి, అట్టి సందర్భమున సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఆ బాధ్యత వహింపవలెనని నిర్ణయించెను. రెండు మాసములైనను తిరుగకమునుపే ఆ చట్టము అక్కరకు వచ్చెను. తాను ఎన్నికలో నిలువదలచి గిరి జూలై 20న పదవికి రాజీనామా చేయగా, ప్రధాన న్యాయమూర్తి హిదాయతుల్లా రాష్ట్రపతి విధులను స్వీకరించెను. ఒక్క దినమైనను పీఠము శూన్యముగా నుండలేదు.

అప్పటికే కాంగ్రెసు పక్షమున కలహము ముదిరియుండెను. జూలైలో బెంగుళూరున సమావేశమైన పార్టీ పార్లమెంటరీ బోర్డు, ప్రధానమంత్రి ఇందిరాగాంధీ సూచించిన జగ్జీవన్ రామును కాదని, సంజీవరెడ్డిని అభ్యర్థిగా నిర్ణయించెను. పార్టీ అధ్యక్షుడు నిజలింగప్ప, కామరాజు మొదలగు పెద్దలు ఒకవైపు, ప్రధాని మరియొకవైపు. జూలై 16న ప్రధాని మొరార్జీ దేశాయి చేతినుండి ఆర్థికశాఖను తప్పించెను. 19న పదునాలుగు బ్యాంకులను జాతీయము చేసెను. సంజీవరెడ్డి స్పీకరు పదవిని వదలి అభ్యర్థిగా నిలిచెను. ఆయన నామపత్రముపై ప్రధానియు సంతకము చేసెను.

గిరి స్వతంత్రుడుగా నిలువగా వామపక్షములు, ద్రావిడ మున్నేట్ర కళగము, అకాలీదళము మున్నగు పక్షములు ఆయనను బలపరచెను. స్వతంత్ర పార్టీ, జనసంఘము చింతామణి దేశముఖును నిలిపెను. ఆయన రిజర్వు బ్యాంకు గవర్నరుగను, కేంద్ర ఆర్థికమంత్రిగను పనిచేసిన పండితుడు. దేశముఖు పక్షీయుల రెండవ అంకెలు సంజీవరెడ్డికి లభించునట్లు చూడుడని నిజలింగప్ప ఆ పక్షముల నాయకులను కోరెను. దీనిని కారణముగా జూపి, ఇందిరాగాంధీ తమ పార్టీ అభ్యర్థికే ఓటు వేయుడని సభ్యులను ఆజ్ఞాపించుటకు సమ్మతింపక, అంతరాత్మ ప్రబోధము ననుసరించి ఓటు వేయుడని చెప్పెను.

ఇది ధర్మమా, అధర్మమా? తాను సంతకము చేసిన అభ్యర్థిని విడుచుట మాటతప్పుట యని ఒక పక్షము నేటికిని అనును. రహస్యమైన ఓటును పార్టీ ఆజ్ఞతో కట్టివేయరాదనియు, రాష్ట్రపతి ఒక్క పార్టీవాడు కాడనియు రెండవ పక్షము అనును. రెండు వాదములందును కొంత సత్యము కలదు. రాజకీయములు ఎంత కలుషితములైనను లెక్క మాత్రము నిర్మలముగా నుండెను. ఈ సంగతిని ఇరుపక్షములును ఒప్పుకొనక తప్పదు.

లెక్కింపు

ఆగస్టు 16న ఢిల్లీలోను, రాష్ట్రముల రాజధానులలోను ఓటింగు జరిగెను. 20న ఢిల్లీలో లెక్కించిరి. అభ్యర్థులు మొత్తము పదునైదుగురు. చెల్లిన ఓట్ల విలువ 8,36,337. గెలుపునకు కావలసినది 4,18,169. మొదటి లెక్కలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశముఖునకు 1,12,769 వచ్చినవి. మిగిలినవారిలో ఐదుగురికి ఒక్క ఓటును రాలేదు. ఒక అభ్యర్థికి వచ్చినది 576. అనగా దేశమంతటిలో ఒక్క పార్లమెంటు సభ్యుడు ఆయనను తలచెను. మరి ఇరువురికి 125 చొప్పున వచ్చినవి. అది ఆంధ్రప్రదేశమునందో పశ్చిమ బెంగాలునందో ఒక్క శాసనసభ్యుని ఓటునకు సరిపోవును. ఆ రెండు రాష్ట్రములందును విలువ ఒక్కటియే. ఇట్టి ఒంటి ఓట్లును జాగ్రత్తగా లెక్కకెక్కెను.

గిరి ముందున్నను సగమును దాటలేదు. అట్టడుగువారిని ఒక్కొక్కరినే తొలగించుచు ఓట్లను పంచిరి. తుదకు దేశముఖు వంతు వచ్చెను. ఆయన ఓట్లలో అధికభాగము సంజీవరెడ్డికి చేరెను. మొదటి లెక్కనుండి తుది లెక్కవరకు సంజీవరెడ్డికి 91,879 పెరిగెను. గిరికి పెరిగినది 18,562 మాత్రమే. అయినను గిరి 4,20,077 వద్దను, సంజీవరెడ్డి 4,05,427 వద్దను నిలిచిరి. అంతరము 14,650.

ఈ అంకె ఎంత చిన్నదో ఒక చిన్న లెక్కతో తెలియును. పార్లమెంటు సభ్యుడొక్కని విలువ 576. గిరికి ఓటు వేసినవారిలో పదముగ్గురు సభ్యులు సంజీవరెడ్డివైపు మొగ్గియున్నచో గిరికి 7,488 తగ్గి, సంజీవరెడ్డికి 7,488 పెరిగి, మొత్తము 14,976 తేడా వచ్చి ఫలితము తారుమారై యుండెడిది. యాబది కోట్లకు మించిన జనులు గల దేశమునకు రాష్ట్రపతి ఎవరో పదముగ్గురి మనస్సులపై ఆధారపడియుండెను! అంతకు మునుపు గాని, ఆ తరువాత జరిగిన యెన్నికలలో గాని రెండవ అంకెలను లెక్కింపవలసిన అవసరము ఎన్నడును రాలేదు. ఆగస్టు 24న గిరి ప్రమాణస్వీకారము చేసెను. ఏ నగరమునను సైన్యము కదలలేదు. ఏ రాష్ట్రమునుండియు రెండు పత్రములు రాలేదు.

ఈ ప్రాంతమునకు దానితో సంబంధము

ఢిల్లీ పీఠపు కథ జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి పల్లెలకు ఏల యని ఎవరైనను అడుగవచ్చును. ఈ మూడు జిల్లాల నేలపై 1948 సెప్టెంబరువరకు నిజాం పాలన సాగెను. పాలకుని ఎన్నుకొను హక్కు ప్రజలకు లేదు. దేశముఖుల గడీలలో వెట్టిచాకిరి చేయుటయే చాలమందికి తెలిసిన రాజ్యసంబంధము. పాలకుర్తి చాకలి ఐలమ్మ తన భూమికై, పంటకై విసునూరు దేశముఖును ఎదిరించి నిలిచినది ఈ నేలపైననే. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండుకు బలియైనదియు ఈ నేలపైననే. అట్టి ప్రజలు 1952లో తొలిసారిగా ఓటు వేసిరి. పదునేడేండ్లు గడచునప్పటికి వారు పంపిన శాసనసభ్యుల కాగితములు దేశాధిపతిని నిర్ణయించు లెక్కలో చేరెను.

నేటి భూపాలపల్లి జిల్లాలోని మహాదేవపురము, కాటారము మండలములు మంథని శాసనసభా నియోజకవర్గమున నున్నవి. 1957 నుండి 1977 వరకు మంథనికి ప్రాతినిధ్యము వహించినవారు పి.వి. నరసింహారావు, తరువాత 1991లో ప్రధానమంత్రి యైనవారు. 1969 రాష్ట్రపతి యెన్నికలో ఆయన ఓటునకును విలువ 125. పేరు తెలియని నూతన సభ్యుని ఓటునకును విలువ 125.

ఆ 125 ఎచటినుండి వచ్చినది? జనాభానుండి. ఓటుహక్కు వయస్సు రాని పసిపిల్లయు, చదువురాని కూలియు, అడవిలోని కోయ, గూడెములోని లంబాడీ కుటుంబమును ఆ 1,25,377 మందిలో లెక్కకు వచ్చిరి. భూమి గలవాడని ఒకనికి ఎక్కువ, లేనివాడని ఒకనికి తక్కువ లేదు. 1877లో అమెరికా పెద్దలు చేసిన రాజీకిని, మన రాజ్యాంగపు లెక్కకును గల భేదము ఇచటనే కనబడును. అచట కొందరిని లెక్కనుండి తప్పించి తగవు తీర్చిరి. ఇచట అందరిని లెక్కలో చేర్చిన పిదపనే తగవు మొదలయ్యెను.

అదే 1969లో ఈ ప్రాంతము వేరొక లెక్కకై రగులుచుండెను. 1956 ఫిబ్రవరి 20న కుదిరిన పెద్దమనుషుల ఒడంబడికలో తెలంగాణ ఆదాయమున మిగిలిన ధనమును తెలంగాణ అభివృద్ధికే వినియోగింపవలెనని వ్రాసికొనిరి. కాని ఆ మిగులును ఏటేట ఎవరు తేల్చవలెను, మాట తప్పినచో ఎవరికి మొరపెట్టుకొనవలెను అను సంగతులకు గట్టి కట్టుబాటు లేకపోయెను. పదమూడేండ్ల పిదప విద్యార్థులు వీథులకెక్కిరి. 1969 ఏప్రిల్ 11న ప్రధాని ఎనిమిది సూత్రముల పథకమును ప్రకటించిన పిదప, మిగులు నిధులను తేల్చుటకు న్యాయమూర్తి వశిష్ఠ భార్గవ అధ్యక్షతన సంఘము ఏర్పడెను. అప్పటికే ఎందరో యువకులు ప్రాణములు కోల్పోయియుండిరి. లెక్క చూచువారిని ముందు నియమింపక, తగవు ముదిరిన పిదప నియమించినచో విశ్వాసము తిరిగి రాదు. తెలంగాణ ప్రత్యేక రాష్ట్రముగా 2014 జూన్ 2న ఏర్పడెను. ఆ ఒక్క యేటిలోనే ఈ పల్లెలు రెండు పాఠములను చూచినవి: కట్టుబాటు గల లెక్క ఢిల్లీలో శాంతిని నిలిపెను, కట్టుబాటు లేని లెక్క హైదరాబాదులోను వరంగల్లులోను నెత్తురు చిందించెను.

తరువాతి కథ

గిరి గెలుపును కొందరు అట్లే విడువలేదు. సంజీవరెడ్డిని నిందించుచు ఒక కరపత్రమును పంచిరనియు, ఓటర్లపై అనుచితమైన ఒత్తిడి తెచ్చిరనియు సుప్రీంకోర్టులో వ్యాజ్యములు వేసిరి. రాష్ట్రపతి పదవిలో నున్న గిరి స్వయముగా న్యాయస్థానమునకు వచ్చి సాక్ష్యమిచ్చెను. దేశాధిపతి సామాన్యునివలె సాక్షిగా నిలుచుట అదియే ప్రథమము. 1970లో న్యాయస్థానము ఆ వ్యాజ్యములను త్రోసిపుచ్చెను. ఓడినవారి పక్షము కోర్టునకు పోయినది, వీథికి పోలేదు. గెలిచినవాడు కోర్టునకు వచ్చెను, పదవిని అడ్డుపెట్టుకొనలేదు. ఈ రెండును సమానముగా స్మరింపదగినవి. కాంగ్రెసు మాత్రము ఆ గాయమునుండి కోలుకొనలేక 1969 నవంబరులో రెండుగా చీలెను. 1974లో నియమములను మరింత బిగించి, రాష్ట్రపతి అభ్యర్థి పేరును పదిమంది ఓటర్లు ప్రతిపాదింపవలెననియు, పదిమంది బలపరుపవలెననియు, ధరావతు చెల్లింపవలెననియు చట్టము చేసిరి.

ఓడిన సంజీవరెడ్డి అనంతపురమునకు మరలిపోయి సేద్యమున నిమగ్నుడయ్యెను. 1977లో జనతా పార్టీ పక్షమున నంద్యాలనుండి లోక్‌సభకు పోటీచేసెను. ఆంధ్రప్రదేశమునందలి 42 స్థానములలో 41 కాంగ్రెసునకు దక్కగా, జనతా పక్షమున గెలిచినవాడు ఆయన యొక్కడే. మరల స్పీకరు పీఠమెక్కెను. ఆ యేడే రాష్ట్రపతి యెన్నిక వచ్చెను. 37 నామపత్రములు దాఖలు కాగా, పరిశీలనలో 36 త్రోసివేయబడి, సంజీవరెడ్డి పత్రమొక్కటే నిలిచెను. 14,650 తేడాతో చేజారిన పీఠమును ఎనిమిదేండ్లకు పోటీయే లేకుండ అధిరోహించెను. 1977 జూలై 25న ప్రమాణస్వీకారము చేసెను. పోటీ లేకుండ ఎన్నికైన రాష్ట్రపతి ఆయన యొక్కడే. గిరికి 1975లో భారతరత్న లభించెను. 1980లో ఆయన కీర్తిశేషుడయ్యెను. సంజీవరెడ్డి 1996లో దివంగతుడయ్యెను.

ఓడినవాడు మరల గెలువగల వీలుండుటయే ఎన్నికకును యుద్ధమునకును గల భేదము. కురుక్షేత్రమున ఓడిన దుర్యోధనునకు మరియొక అవకాశము లేదు. సంజీవరెడ్డికి ఆ అవకాశమిచ్చినది 1969లో ఆయనను ఓడించిన ఆ నియమావళియే. ఆనాడు ఆయన పక్షము ఆ లెక్కను కాదని త్రోసివేసియున్నచో, 1977లో ఆయనను వరించుటకు ఆ పీఠమునకు గౌరవము మిగిలియుండెడిది కాదు.

నేడు 2022 రాష్ట్రపతి యెన్నికనాటి లెక్క ప్రకారము తెలంగాణ శాసనసభ్యుని ఓటు విలువ 132. చదువరులు ఈ అంకెను జ్ఞాపకముంచుకొనవలెను. అందులో 1971 జనాభా లెక్కలనాటి వారి పల్లె జనులందరును కలరు. రాష్ట్రపతి యెన్నికకు పనికివచ్చిన నీతి గ్రామపంచాయతీకిని, సహకార సంఘమునకును, చెరువు నీటి వంతులకును, గ్రంథాలయ కార్యవర్గమునకును పనికివచ్చును. ఎవరు లెక్కింపవలెనో, ఏ కొలతతో లెక్కింపవలెనో, తగవు వచ్చినచో ఎవరి మాట చెల్లవలెనో అందరు సఖ్యముగా నున్న దినముననే కూర్చుండి వ్రాసికొనవలెను. ఆ కాగితమును ఎల్లరు చూడగల చోట భద్రపరుపవలెను. గ్రంథాలయము ఉన్న ఊరిలో అట్టి చోటునకు కొదువ లేదు.